గడ పలికిన రెండు మాటలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా గడ మూడు నెలల పాటు తప్పులు చెప్పడానికి కారణం సెన్సర్లు కావు, గోదావరి నీళ్ళు కావు, పాపం మాటలు పడిన తణుకు ఇంజనీరూ కాదు. నేను. నా గుండ్రటి చేతిరాతా, నా మంచి తెలుగూ.

ఆ ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. మెషీన్లకి తెలుగు నేర్పే ఇలాంటి పనుల్లోకి ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు కొత్తగా వస్తున్నారని వింటున్నాను. ఎదురుగా నిలబడి చెప్పమంటే నాకు నోరు పెగలదు. రాయడమైతే వచ్చు కనుక రాస్తున్నాను.

మా ఆఫీసు రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు మీద మూడో అంతస్తు. నలుగురం కూర్చుంటే ఐదో మనిషి తలుపు దగ్గర నిలబడాలి. నేను తెలుగు ఎమ్మే చదివాను. పుస్తకాలు తప్ప వేరే స్నేహాలు లేవు. ఇంటర్వ్యూలో నేను మొత్తం పదకొండు మాటలు మాట్లాడానని ఆ రోజు డైరీలో లెక్క రాసుకున్నాను. అయినా తీసుకున్నారు.

మొదటి రోజు మేడం పని చెప్పారు. ఆవిడ మా ప్రాజెక్టుకి పెద్ద. కాకినాడలో చదువుకున్న ఇంజనీరు, మాట్లాడితే చేతులు గాలిలో ఉంటాయి.

“చూడమ్మా, ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగంతా చదివేసిన మెషీన్‌ని బురద అంటే ఏంటని అడిగావనుకో, పేజీన్నర రాస్తుంది. తామరపూలతో సహా రాస్తుంది. కాని దాని కాలు ఒక్కసారైనా బురదలో పడిందా? మాటకి పక్కనున్న మాట తెలుసు దానికి. అంతే. మాట కింద ఏముందో తెలీదు. మనం అది నేర్పాలి.”

నాకు సిగ్గు వేసింది. ఆవిడ మెషీన్ గురించి చెబుతుంటే నా గురించే చెబుతున్నట్టుంది. గోదావరి ఒడ్డున పుట్టాను. గోదావరి మీద రాసిన వర్ణనలు పేజీలకు పేజీలు అప్పజెప్పగలను. మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదు.

మా పని ఇదీ. పడవ నడిపేవాళ్ళు పొడవాటి గడ నీటిలోకి దింపి, అడుగున ఏముందో చేత్తోనే కనిపెడతారు. లోతు ఎంతో చెప్పే పరికరాలు బజారులో దొరుకుతాయి. కాని జనాన్నీ మోటారు సైకిళ్ళనూ దాటించే పంటు ఆ అడుగు మీద ఆగితే మళ్ళీ కదులుతుందా, కూరుకుపోతుందా అన్నది అవి చెప్పవు. వరద వచ్చి తీసిన ప్రతిసారీ అడుగు మారిపోతుంది, కొత్త రేవు వెతుక్కోవాలి. గౌతమి పాయలో నీటి నడుమ ఉన్న ఒక లంకకి ఆ పని నలభై ఏళ్ళుగా చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన తర్వాత గడ పట్టేవాళ్ళు లేరు. ఆయన చేతికి తెలిసినదాన్ని, ఆయన మాటతో సహా, మేము గడకి నేర్పాలి. వరద తీశాక కొత్త రేవుకి గుర్తు పెట్టే రోజున ఆయన పక్కన మా గడ కూడా పలకాలి. పలకకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. మాకది ఉద్యోగం. లంక వాళ్ళకి మాత్రం దారి.

తణుకు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు గడకి మూడు సెన్సర్లు బిగించాడు. ఒకటి అదురు, ఒకటి ఒత్తిడి, ఒకటి గడ ఎంత వాలిందో చూసేది. పెద్దాయన గడ దింపిన ప్రతి పోటుకీ ఒక నంబరు. ఆ పోటుకి సెన్సర్లు పంపిన అంకెలు ఫోన్లోకి వెళతాయి. అడుగు ఏమిటో పెద్దాయన నోటితో చెబుతారు. గాలి హోరులో రికార్డింగు సరిగ్గా పడేది కాదు. అందుకని ఆ మాటని కాగితం మీద రాసుకుని, ఆఫీసుకి వచ్చి ఫైల్లో ఎక్కించడం నా పని. కంప్యూటర్లోని న్యూరల్ నెట్‌వర్క్ ఆ అంకెలు చూసి ఒక మాట ఊహిస్తుంది, అదే గడ పలుకు. తప్పయితే లోపలి లెక్కలని రవ్వంత సవరించుకుంటుంది. వేలసార్లు అలా సవరించుకుంటూ పోతే, గడకి తగిలినదీ మనిషి అన్నదీ దాని లోపల ఒకచోటికి చేరతాయి. నాకు అర్థమైనంతవరకు అంతే.

ద్రాక్షారామం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో రేవుకి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి పడవెక్కుతుంటే పెద్దాయన నా కాళ్ళకేసి చూశారు.

“అమ్మాయిగోరండీ, సెప్పులేసుకుని కూకుంటే పడవ ఏం మాట్టాడతదండి మీతో?”

“జారిపోతాననండీ...” అన్నాను. నాకే వినబడలేదు.

“జారితే గోదారేగా అండి. ఏం, పరాయిదా?”

తణుకాయన పగలబడి నవ్వాడు. “అయ్యా, ఆవిడ రచయిత్రి గారండి. తడిస్తే అక్షరాలు చెదిరిపోతాయి.” అప్పటి నుంచి ఆఫీసులో నా పేరు రచయిత్రి గారు.

పెద్దాయన గడ దింపడం చూడాలి. రెండు చేతులా పట్టుకునేవారు కాని, తెలుసుకోవడమంతా కుడిచేతి బొటనవేలితోనే. కళ్ళు అడుగుకేసి ఉండవు, ఎక్కడో ఆవలి ఒడ్డున ఉంటాయి. ఒక క్షణం ఆగి, మాట వదిలేవారు.

“పేలాలండి.” గడ కింద గవ్వపెంకులు చిటపటలాడితే.

“అన్నమండి, మెత్తగా ఉడికింది.” మెల్లగా దిగి ఎక్కడో ఆగితే.

“పెరుగు. తోడుకోలేదింకా.” అడుగే తగలకుండా దిగిపోతుంటే.

“చుట్టమండి.” ఇది వరద తెచ్చిపెట్టిన వదులు ఇసుక, మళ్ళీ వరదకి పోయేది. “ఇంటిదండి.” ఏళ్ళ తరబడి కుదురుకున్న ఇసుక, పంటుని మోసేది.

ఒకరోజు గడ సులువుగా దిగింది గాని, పైకి లాగితే రాలేదు. పెద్దాయన, తణుకాయన కలిసి లాగారు.

“ఇదేంటండీ?” అని అడిగాను.

“అత్తారిల్లండి. లోనికి రారమ్మంటది. బయటికి మాత్రం పోనియ్యదు.”

ఆ రోజు పడవలో నేను నవ్విన నవ్వుకి నాకే ఆశ్చర్యం వేసింది. కాగితం మీద రాసుకున్నాను: పోటు నూట ఏడు, అత్తారిల్లు.

తప్పు అక్కడ జరగలేదు, ఆఫీసుకి వచ్చాక జరిగింది. ఫైలు తెరిస్తే పైన ఇంగ్లీషులో నిలువు గళ్ళు, తేదీలు, అంకెలు. అందులో ‘అత్తారిల్లు’ అని రాయడానికి చెయ్యి రాలేదు. మేడం నవ్వుతారేమో, పైవాళ్ళు చూస్తే ఈ అమ్మాయికి ఎమ్మే ఎవరిచ్చారంటారేమో. నూట ఏడుకి ‘బురద’ అని రాశాను. అన్నం కూడా బురదే. పెరుగూ బురదే. చుట్టమూ ఇంటిదీ రెండూ ‘ఇసుక’. పేలాలు ‘గవ్వలు’. ఫైలు శుభ్రంగా, ముచ్చటగా తయారైంది. నా దృష్టిలో నేను పెద్దాయన మాటలకి మర్యాద చేస్తున్నాను.

కాని ఆ మాటలు పారేయడానికి మనసొప్పలేదు. పడవలో రాసుకున్న కాగితాలన్నీ ఇంటికి తెచ్చి, ఏ రోజువి ఆ రోజు డైరీలో అంటించుకునేదాన్ని. ఎవరూ చూడని చోట ఉండాల్సిన అందాలవి అనుకున్నాను.

నెలన్నర తర్వాత మేడం, “ఫైల్లో ఉన్నవి పెద్దాయనకి ఒకసారి చదివి వినిపించమ్మా, ఆయన ఔనంటే మనకి ధైర్యం” అన్నారు. రేవులో టీ కొట్టు బల్ల మీద కూర్చుని చదివాను. ఇసుక, బురద, బురద, గవ్వలు, ఇసుక. ఆయన చేతులు కట్టుకుని, గుడిలో పురాణం వింటున్నట్టు చివరిదాకా విన్నారు.

“ఎలా ఉందండీ?”

“ఆయ్, బాగుందండి. శానా బాగా రాశారు.”

వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

మే నెల వచ్చేసరికి మా గడ పూర్తిగా పిచ్చిది అయిపోయింది. పంటు కూరుకుపోయే చోట ‘ఇసుక’ అనేది. ఒకే చోట రెండుసార్లు దింపితే రెండు మాటలనేది. మేడం సెన్సర్లని అనుమానించారు. తణుకాయన మూడుసార్లు గడ విప్పి మళ్ళీ బిగించాడు. “నీ కట్టుడేంటయ్యా, పెళ్ళి పందిరికి కట్టినట్టు?” అని మేడం అందరి ముందూ అన్నారు. అతను మర్నాడు నాలుగోసారి విప్పాడు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం మేడం నన్ను తన బల్ల దగ్గరికి పిలిచారు. తెర మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పోటు. నెట్‌వర్క్ లోపల ఏవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో చూపించే బొమ్మ అది.

“ఇదిగో, ఇవన్నీ బురద. ఒక ముద్దగా ఉండాలి కదా? చూడు, మూడు గుంపులుగా విడిపోయాయి. మనం అన్నీ బురదే అని చెబుతున్నాం, ఇది ఒప్పుకోవట్లేదు. ఎందుకంటావు?”

నేను ఒక చుక్క మీద వేలు పెట్టాను. నంబరు చూపించింది: నూట ఏడు. దాని చుట్టూ ఉన్న నంబర్లు చూశాను. అవి నాకు తెలుసు. డైరీలో వాటి పక్కన ఏముందో తెలుసు.

మూడు గుంపులు. అన్నం, పెరుగు, అత్తారిల్లు.

నేను తుడిచేసిన తేడాని అది ఒంటితో పట్టుకుని కూర్చుంది. దాని దగ్గర ఆ మాటలు లేవు. ఎవరూ ఇవ్వలేదు. గడ మీద నుంచి వచ్చిన అదురు, బరువు, వాలు తప్ప దానికి ఇంకేమీ తెలియదు. అయినా, ఇవి మూడు, ఒకటి కాదు అంటోంది. పుస్తకాలలో గొప్ప వాక్యం తగిలినప్పుడు వెన్నులో ఒక జలదరింపు వస్తుంది నాకు. ఆ మధ్యాహ్నం చుక్కల బొమ్మ ముందు అదే వచ్చింది.

“ఏమోనండీ...” అన్నాను మేడంతో.

“పెద్దాయనతో మళ్ళీ మొదటి నుంచీ చెప్పిద్దాం” అన్నారు ఆవిడ. కబురు పెడితే పెద్దాయన ఒంట్లో బాగోలేదన్నారు. మళ్ళీ పెడితే చుట్టాలొచ్చారన్నారు. మూడోసారి, “ఎండగా ఉందండి, వరదలయ్యాక సూద్దాం” అన్నారు. ఎండకి జంకే మనిషి కాదాయన. ఎందుకలా అంటున్నారో మాలో ఎవరికీ తెలియలేదు.

ఇక మిగిలింది నా డైరీ ఒక్కటే. వారం రోజులు దాన్ని బ్యాగులో దాచి ఆఫీసుకి తెచ్చి, తలుపు వైపు వీపు పెట్టి, ఒక్కో పోటుకీ పెద్దాయన మాటని తిరిగి ఎక్కించాను. అదే డైరీలో మేడం చేతులు ఊపడం గురించీ, తణుకాయన చొక్కాల గురించీ కూడా ఉంది. అందుకే దాచానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా తప్పు బయటపడుతుందని భయం.

“ఫైల్లో కొన్ని మాటలు సరిచేశానండీ” అని మాత్రం మేడంతో అన్నాను. ఆవిడ ఫైలు చూసి, నా మొహం చూసి, “అత్తారిల్లా?” అన్నారు. ఫైలు మూసి, “ఉండనీ” అన్నారు. నవ్వలేదు.

రెండు రోజుల్లో గడ దారిలో పడింది. పాత పోట్ల అంకెలు ఇస్తే పెద్దాయన అన్న మాటే అంటోంది. తణుకాయన తన నాలుగో కట్టు ఫలించిందనుకుని తాపేశ్వరం కాజాలు తెచ్చి అందరికీ పంచాడు. నాకు రెండు ఇచ్చాడు. రెండూ తిన్నాను. ఆయన ఇది చదివితే నన్ను క్షమించాలి.

ఆషాఢంలో వరద ఎర్రనీళ్ళు వచ్చాయి. లంక పది రోజులు ఒంటరిదైంది. నీళ్ళు తీశాక పాత రేవు ఉన్నచోట మనిషెత్తు ఇసుక మేట వేసి ఉంది. కొత్త రేవుకి గుర్తు పెట్టే రోజు మేమంతా వెళ్ళాం. ఒడ్డున రేవు కాంట్రాక్టరు, వెనక లంక జనం. మర్నాడు పొద్దున్నే పంటు కదలాలి. బడి టీచర్లున్నారు, పాల క్యాన్లున్నాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి కాకినాడ వెళ్ళే ఒక పెద్దావిడ ఉంది. పంటు నడిపాయలో ఇరుక్కుంటే ఆవిడని ఎత్తుకుని ఏ దారిన తెస్తారు?

ముందు టీ తాగాం. మరిగిన టీ గాజు గ్లాసుల్లో ఇచ్చారు. నేను చున్నీ అంచుతో పట్టుకున్నాను. తణుకాయన ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. పెద్దాయన మాత్రం గ్లాసు చుట్టూ గుప్పిట బిగించి నిలబడ్డారు, చన్నీళ్ళ గ్లాసులా. చూశాను. వింతగా ఉందనుకున్నాను, అంతే.

పడవలో బయలుదేరాం. గడ ఏమంటుందో నా చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లోకి మాత్రమే వస్తుంది. ముందు పెద్దాయన చెప్పాలి, ఆ తర్వాత నేను గడ మాట పైకి చెప్పాలి. అదీ ఏర్పాటు. ఒడ్డుకి దగ్గరగా, చూపుకి చదునుగా అందంగా ఉన్న ఒకచోట పెద్దాయన పడవ ఆపి గడ దింపి, అడుగు తగలగానే పైకి తీసేశారు.

“ఇంటిదండి!” అని ఒడ్డుకి వినబడేలా కేక వేశారు. “ఇక్కడ పాతండి జెండా.”

అదే క్షణంలో నా చెవిలో గడ పలికింది. “చుట్టం.” ఒక్క ఊపిరంత ఆగి, మళ్ళీ, “అత్తారిల్లు.”

ఒక పోటుకి ఒక మాటే నేర్పాం దానికి. రెండు మాటలు ఎప్పుడూ అనలేదు. ఎవరూ అనమనలేదు.

“ఏమంది?” అన్నారు మేడం. చెప్పాను. తణుకాయన, “సెన్సర్లో నీరు దిగినట్టుందండి” అన్నాడు. మేడం పెద్దాయన వైపు చూశారు, నా వైపు చూశారు. “నలభై ఏళ్ళ అనుభవం ముందు మన గడ ఎంతమ్మా” అన్నారు మెల్లగా. ఒడ్డున ఇద్దరు మనుషులు వెదురు బొంగు, ఎర్ర గుడ్డ పట్టుకుని నీళ్ళలోకి దిగుతున్నారు.

నాకు అప్పుడు టీ గ్లాసు గుర్తొచ్చింది. జూన్‌లో మూడుసార్లు ఆయన గడ పట్టకుండా తప్పించుకోవడం గుర్తొచ్చింది. అందరి ముందూ ఆయన తప్పని ఎలా అనను? అనకుండా ఎలా ఉండను? చెప్పులు విప్పాను. పడవ చెక్క తడిగా, చల్లగా తగిలింది. ఆయన దగ్గరికి వెళ్ళాను.

“తాతగారూ, ఒక్కసారి గడ నేను వెయ్యొచ్చాండీ?”

ఆయన చెప్పుల్లేని నా కాళ్ళకేసి చూసి గడ నా చేతికిచ్చారు.

దింపాను. ముందు ఏదో పొడిపొడిగా, జారిపోతున్నట్టు రాలింది. ఇంకొంచెం ఒత్తాను. ఉన్నట్టుండి కింద ఏమీ లేనట్టు మెత్తగా దిగిపోయింది. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టే ఉంది. మూడు నెలలు నేను ‘బురద’ అని రాసింది ఇదా! ఇన్నేళ్ళు చదివిన మాటల్లో ఒక్కటీ ఇలా నా చెయ్యి పట్టుకుని లాగలేదు.

పెద్దాయన వంగి నా చేతుల మీద చేతులు వేసి, నాతోపాటు లాగబోయి ఆగారు.

“రాదండి” అన్నారు నెమ్మదిగా. “అత్తారింట్లో అడుగెట్టేశారు.”

తర్వాత లేచి నిలబడి ఒడ్డుకేసి అరిచారు. “ఆగండ్రా! ఇక్కడ కాదు రేవు!”

“ఇప్పుడేగా ఇంటిదన్నావు?” అన్నాడు కాంట్రాక్టరు అక్కడి నుంచి.

“అన్నానండి. తప్పన్నాను. సుగరండి నాకు. ఎండలు ముదిరిన కాణ్ణించి ఈ సేతి ఏళ్ళకి ఏం తెలవట్లేదు.” రెండు అరచేతులూ పైకెత్తి అందరికీ చూపించారు. “గడ సెప్పిందే నిజం. అది నా మాటే సెప్పింది.”

మేడం చేతులు మొట్టమొదటిసారి ఊరికే ఉన్నాయి.

అందరం కలిసి గడ ఊడలాగాం. ఎగువకి పోయి పోయి, ఏడోచోట గడ “ఇంటిది” అంది. నేనూ దింపి చూశాను. టక్కున ఆగింది, గట్టిగా, నమ్మకంగా. జెండా అక్కడ పాతారు. మర్నాడు పంటు వచ్చి ఆగి, మనుషులు దిగాక మళ్ళీ వెనక్కి కదిలింది. ఆ కదలడమే నేను చూడాల్సింది. చూశాను. డయాలసిస్‌కి వెళ్ళే పెద్దావిడ నా పక్కనుంచి వెళుతూ, “ఏంటమ్మా, పంటు ఎప్పుడూ సూళ్ళేదా?” అంది.

గడ రెండు మాటలు ఎలా అందో మేడం తర్వాత వివరించారు. గడ దిగుతున్న కొద్దీ అది క్షణక్షణం కొత్తగా ఊహిస్తూ ఉంటుంది, పైపొర ఒకలా, కిందిపొర ఇంకోలా తగిలేసరికి రెండూ అనేసింది, మహిమ ఏమీ లేదు అని. సరే, లేదు. కాని ఒక మనిషి చేతిలో చచ్చుబడిపోయిన తెలివి, ఆయన మాటల్లోనే, ఒక వెదురు గడలోంచి తిరిగి వచ్చి ఆయన్నే సరిదిద్దడం నేను చెవులారా విన్నాను. దానికేం అర్థమైందో నాకు తెలియదు. నాకేం అర్థమైందో మాత్రం డైరీలో తొమ్మిది పేజీలుంది.

కొత్తగా ఈ పనుల్లో చేరే మీకు చెప్పేది ఒకటే. మనిషి అన్న మాట మీకు మోటుగా తోస్తే, దాన్ని అందంగా మార్చే ముందు ఒకసారి మీ చెయ్యి కూడా అక్కడ పెట్టి చూడండి. నేను పెట్టేసరికి ఆరు నెలలు పట్టింది.

ఆ ఉద్యోగం మానేసే ముందు చివరిసారి రేవుకి వెళ్ళాను. ఫైలు ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. పెద్దాయన అదే బల్ల మీద కూర్చున్నారు, టీ గ్లాసుకి ఈసారి తువ్వాలు చుట్టుకుని. చదవడం మొదలుపెట్టాను. పేలాలు. అన్నం. చుట్టం. పెరుగు. ఇంటిది. అత్తారిల్లు. ఆయన చేతులు కట్టుకోలేదు. ఒక్కో మాటకీ తల ఊపుతూ, అక్కడక్కడ నవ్వుతూ, బొటనవేలు గాలిలో కదుపుతూ విన్నారు. అయిపోయాక గోదావరికేసి చూసి అన్నారు:

“ఆయ్, ఇయ్యి నా మాటలేనండి. అప్పుడోసారి సదివారు సూడండి, అయ్యి ఎవరియో అనుకున్నాను. మీరు నొచ్చుకుంటారని అడగలేదండి.”